ఆక్సిజన్ లేని చోట నత్రజని ఏమవుతుంది? బంగాళాఖాతం నుంచి మన వరిమడి దాకా

వరిమడి బురదలో గాలి ఆడని పొర ఎలా ఉంటుందో వీడియోలో చూశారు కదా. అలాంటి పొరే మన దొరవారిసత్రానికి తూర్పున సముద్రంలోనూ ఉంది. ముందు దాన్ని అర్థం చేసుకుంటే మన మడి సంగతి తేలిగ్గా తెలుస్తుంది.

బంగాళాఖాతంలో సుమారు 100 మీటర్ల లోతు దాటాక, కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ దాదాపు లేని నీళ్లున్నాయి. గంగ, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు తేలిక కాబట్టి పైనే ఉండిపోతుంది. పైగాలి కిందికి దిగదు. పైనుంచి రాలే చచ్చిన నాచును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా వాడేస్తాయి.

ఆక్సిజన్ అయిపోతే కొన్ని బ్యాక్టీరియా దాని బదులు నైట్రేట్‌ను వాడుకుంటాయి. నైట్రేట్ ముందు నైట్రైట్‌గా, చివరికి నత్రజని వాయువుగా మారి గాల్లో కలుస్తుంది. ఇదే డీనైట్రిఫికేషన్. అనామాక్స్ బ్యాక్టీరియా అయితే అమ్మోనియం, నైట్రైట్ రెండూ కలిపి అదే వాయువు చేస్తాయి. అరేబియా సముద్రంలో ఈ నష్టం చాలా ఎక్కువ.

మన బంగాళాఖాతంలో ఈ బ్యాక్టీరియా ఉన్నా, పని దాదాపు ఆగి ఉందని 2017లో వచ్చిన పరిశోధన చెప్పింది. అక్కడ మిగిలిన పిసరంత ఆక్సిజన్‌తో వేరే బ్యాక్టీరియా నైట్రైట్‌ను మళ్లీ నైట్రేట్ చేసేస్తున్నాయి. ఆ పిసరంతా పోతే నష్టం మొదలైనట్టే. పొలాల నుంచి ఎరువు కొట్టుకుపోతే నాచు పెరుగుతుంది, నాచు కుళ్లితే ఆక్సిజన్ తగ్గుతుంది.

ఇప్పుడు మన మడి. నీటి కింద పైపైన కొన్ని మిల్లీమీటర్ల మట్టిలోనే ఆక్సిజన్ ఉంటుంది. అక్కడ తయారైన నైట్రేట్ కిందికి దిగితే వాయువై పోతుంది. యూరియా చల్లకపోయినా ఇదే లెక్క. అందుకే:

1. వేసవిలో ఆరిన చేలో నైట్రేట్ పోగవుతుంది, నీళ్లు కట్టగానే పోతుంది. ముందే జీలుగ, జనుము వేస్తే అవి దాన్ని పీల్చి దాచుకుంటాయి. పూతకొచ్చేటప్పుడు కలియదున్నండి.

2. మాగిన ఎరువు నీళ్ల మీద చల్లొద్దు, బురదలో కలపండి. గాలి లేని చోట అమ్మోనియం నైట్రేట్‌గా మారదు, బంకమట్టి పట్టి ఉంచుతుంది.

3. ఆరుతడి పెట్టేవాళ్లు మడి నెర్రెలిచ్చేదాకా వదలొద్దు. ఆరినప్పుడు నైట్రేట్ తయారవుతుంది, తడిపినప్పుడు పోతుంది.

4. గట్లు గట్టిగా వేసి మడి నీళ్లు బయటికి పోకుండా చూడండి. కాళంగి లాంటి మన వైపు నదులు పులికాట్‌లోకే దిగుతాయి.

పులికాట్‌లో చేపలు తిన్న గూడబాతులు నేలపట్టు చెరువులో రెట్ట వేస్తాయి. ఆ నీళ్లు పారే పొలాలకు అదే ఎరువు. నత్రజని అలా తిరిగి రావాలి గానీ, మన చేతుల్లోంచి గాల్లోకి పోకూడదు.