ఆటే వారి మాట – గాయపడిన పసిమనసులకు క్రీడాచికిత్స

పెద్దవాళ్ళకు దుఃఖం వస్తే పక్కవారితో చెప్పుకుంటారు. అయిదారేళ్ళ పిల్లవాడికి అలా చెప్పుకోవడం చేతకాదు. తండ్రి చనిపోయినా, ఇల్లు కాలిపోయినా, ఎవరైనా హింసించినా ఆ భయం లోపలే ఉండిపోతుంది. దీనినే మనోగాయం అంటారు. రాత్రి ఉలిక్కిపడి లేవడం, పక్క తడపడం, ఎవరితోనూ కలవకపోవడం, ఊరికే కొట్లాడటం దాని గుర్తులు కావచ్చు. ఇటువంటి పిల్లలకు ఆట ద్వారా చేసే వైద్యమే ప్లే థెరపీ, అంటే క్రీడాచికిత్స.

మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. పి.జి.లో ఈ పాఠం చదివినప్పుడు మాకు ముందుగా గుర్తుకొచ్చింది హాస్టల్‌లోని చిన్న తమ్ముళ్ళే. అందుకే ఈ వ్యాసం.

ఆట ఏం చెబుతుంది?

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌పై బాంబులు పడుతున్నప్పుడు అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ అనే ఇద్దరు మహిళలు హాంప్‌స్టెడ్‌లో పిల్లల కోసం నర్సరీలు నడిపారు. అక్కడి ఒక నాలుగేళ్ళ బాలుడి గురించి 1943లో రాశారు. అతని తండ్రి బాంబుదాడిలో మరణించాడు. ఆ పిల్లవాడు కాగితం ఇళ్ళు పేర్చి, వాటిపై గోళీలను బాంబుల్లా వేసేవాడు. కాని అతని ఆటలో మనుషులందరూ ఎప్పుడూ బతికి బయటపడేవారు. ఇదే ఆట చాలాకాలం సాగింది. తండ్రి చనిపోయాడని నోటితో చెప్పగలిగినప్పుడే అది ఆగింది.

చికిత్స ఎలా జరుగుతుంది?

అమెరికాకు చెందిన వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో ఎనిమిది సూత్రాలు చెప్పారు. వాటిలో ముఖ్యమైనవి:

1. పిల్లవాడిని ఉన్నవాడిని ఉన్నట్టుగా అంగీకరించాలి.
2. ఆటను పిల్లవాడే నడపాలి, పెద్దలు అతని వెంట నడవాలి.
3. తొందరపెట్టకూడదు.
4. హద్దులు అవసరమైనంత వరకే పెట్టాలి.

గదిలో బొమ్మల కుటుంబం, జంతువులు, డాక్టరు సామాను, ఇసుక, బంకమట్టి, రంగులు ఉంటాయి. సాధారణంగా వారానికి ఒకసారి, అదే గది, అదే సమయం, అదే మనిషి. లోకం తలకిందులైన పిల్లవాడికి మారనిది ఒకటైనా ఉందన్న ధైర్యం కలగాలి కదా! థెరపిస్టు “ఏం జరిగింది?” అని గుచ్చి గుచ్చి అడగరు. పిల్లవాడు బొమ్మను ఇసుకలో పూడ్చితే, “బొమ్మ ఎవరికీ కనబడటం లేదు” అని మాత్రమే అంటారు. కొట్టడానికి వస్తే, “నీకు కోపం వచ్చింది. నన్ను కొట్టకూడదు, ఈ దిండును కొట్టవచ్చు” అంటారు.

అయితే ప్రతి ఆటా గాయాన్ని మాన్పదు. 1976లో అమెరికాలోని చౌచిల్లాలో 26 మంది పిల్లలను బడి బస్సు నుంచి అపహరించి, భూమిలో పాతిన వాహనంలో బంధించారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. వారిని పరిశీలించిన మనోవైద్యురాలు లెనోర్ టెర్, కొందరు అదే భయాన్ని మళ్ళీ మళ్ళీ ఆడినా ఉపశమనం పొందలేదని గమనించారు. అటువంటి చోటనే శిక్షణ పొందిన థెరపిస్టు అవసరం.

మనం ఏం చేయగలం?

సీనియర్ తమ్ముళ్ళారా! మనం థెరపిస్టులం కాము. కాని ఇవి మన చేతిలో ఉన్నవే:

• పక్క తడిపిన పిల్లవాడిని పదిమందిలో నవ్వులపాలు చేయవద్దు.
• చావు ఆట, కొట్లాట ఆట ఆడుతుంటే తిట్టవద్దు. దెబ్బలు తగలకుండా చూస్తూ పక్కన కూర్చోండి.
• మీ ఇంట్లో ఏమైందని పదేపదే అడగవద్దు. తనంతట తాను చెబితే చివరిదాకా వినండి.
• ఎవరైనా హింసిస్తున్నారని చెబితే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. నమ్మకమైన పెద్దవారికి గాని, పిల్లల సహాయ నంబరు 1098కి గాని వెంటనే తెలపండి.

అమ్మానాన్నలకు దూరంగా ఉన్న ఆ చిన్నారులకు ఇక్కడ అన్నలం మనమే. వారు ఆడుకునే ఆ గంట సేపటిని వృథా అనుకోకుండా కాపాడుదాం.