సద్ది కట్టుకుని కొలోన్ చర్చికి

జమ్మికుంట అంటే పత్తి మార్కెట్, రైల్వే స్టేషన్. ఆ రెండింటి నడుమ పెరిగి జర్మనీలోని ఆఖెన్‌కు చదువుకొచ్చాను. వారమంతా ల్యాబ్, అసైన్‌మెంట్లు. శనివారమైనా తీరుబడిగా గడపాలంటే నేను చెప్పేది ఒకటే: ఒక్క చర్చి చూడండి, ఒక్కటే.

ముందు సద్ది. శుక్రవారం రాత్రే పులిహోర కలిపి డబ్బాలో పెట్టండి. ఇంటి నుంచి వచ్చిన సకినాలు మిగిలుంటే (నా దగ్గర ఎప్పుడూ మిగలవు) అవీ వేసుకోండి. బ్యాగు చిన్నదే ఉండాలి. పెద్ద సంచులు, ట్రాలీలు చర్చిలోకి రానివ్వరు. మరీ బరువుంటే స్టేషన్ లాకర్లో పడేయండి.

తర్వాత రైలు. విద్యార్థి టికెట్ ప్రాంతీయ రైళ్లకే చెల్లుతుంది, వేగంగా పోయే ఐ.సి.ఇ. రైలు ఎక్కితే జరిమానా. మొదటి నెలలోనే నేను కట్టాను, ఆ డబ్బులతో నెల బియ్యం వచ్చేవి. ప్రాంతీయ రైలైనా గంటకు కాస్త అటూ ఇటూగా కొలోన్‌లో దించుతుంది. ఆదివారం మాత్రం వద్దు. ఉదయమంతా ఆరాధనలే, ఆ వేళల్లో చూడ్డానికి వచ్చినవాళ్లను లోపల తిరగనివ్వరు.

స్టేషన్ తలుపు దాటగానే ఎదురుగా చర్చి. ఎత్తు 157 మీటర్లు. వెంటనే లోపలికి పోకండి, మెట్ల మీద కూర్చుని సద్దిలో సగం తినండి. పని మొదలైంది 1248లో, ముగిసింది 1880లో. నడుమ పని ఆగిపోయి, సగం లేచిన గోపురం మీద చెక్క క్రేన్ దాదాపు 400 ఏళ్లు అలాగే నిలబడింది. మన దగ్గర ఏళ్ల తరబడి సాగే వంతెనల మీద జోకులేస్తాం గానీ, వీళ్ల ముందు మనమెంత! పూర్తయినప్పుడు ప్రపంచంలో ఇదే ఎత్తైన కట్టడం. 1884లో వాషింగ్టన్ స్తంభం దాన్ని దాటింది. ఇప్పటికీ ఏదో మూల మరమ్మతుల పరంజా కనిపిస్తూనే ఉంటుంది. పని పూర్తయిన రోజే యుగాంతమని ఊళ్లోవాళ్లు నవ్వుతారు.

ఇక లోపలికి. టోపీ తీయండి, ఫోన్ మూగగా పెట్టండి. బైబిల్‌లోని ముగ్గురు జ్ఞానుల అస్థికలున్నాయని నమ్మే బంగారు పెట్టె దగ్గర గుంపు ఉంటుంది, ఒకసారి చూసి పక్కకు జరగండి. నేను ఎక్కువసేపు కూర్చునేది దక్షిణం వైపు కిటికీ ముందు. 2007లో చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ చేసింది: 72 రంగులు, 11 వేలకు పైగా గాజు చదరాలు. ఎక్కడ ఏ రంగు రావాలో చాలావరకు కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఎంచింది. బొమ్మ లేదు, కథ లేదు. ఎండ పడితే నేల మీద బతుకమ్మ పేర్చినట్టే ఉంటుంది.

మోకాళ్లు బాగుంటే గోపురమెక్కండి: 533 మెట్లు, లిఫ్ట్ లేదు. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఒకే ఇరుకు మెట్ల మీద ఒకరికొకరు దారి ఇచ్చుకోవాలి. దారిలో గంటల గది వస్తుంది. అక్కడి పెద్ద గంట బరువు 24 టన్నులు, 1923లో పోత పోశారు. ఆయాసం తీర్చుకుంటుంటే మన మెదక్ చర్చి గుర్తొచ్చింది. కరువు రోజుల్లో పనిచ్చి, అన్నం పెట్టి మిషనరీ పోస్నెట్ దొర కట్టించిన చర్చి, 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. దాని గోపురం 175 అడుగులు, అంటే 53 మీటర్లు; ఇక్కడి దాంట్లో మూడో వంతు. అంత దగ్గరున్న మెదక్‌కు ఎన్నడూ పోకుండా ఇక్కడ మెట్లెక్కుతున్నందుకు సిగ్గేసింది. ఈసారి సెలవులకు వస్తే ముందు మెదక్ బస్సే.

దిగాక రైన్ నది ఒడ్డుకు నడవండి, మిగిలిన పులిహోర అక్కడ. మ్యూజియం, షాపింగ్ అంటూ జాబితా తీయకండి, రెండు గంటలు ఊరికే కూర్చోండి. ఖాళీ నీళ్ల సీసా పారేయకండి, దుకాణంలో తిరిగిస్తే 25 సెంట్ల వరకు వస్తాయి.

రాత్రి ఆఖెన్‌లో దిగగానే పాలు, పెరుగు కొనుక్కోండి. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి.