నొప్పిని దాచకుండా సంతోషించడం

(క్యాన్సర్‌తో జీవిస్తున్నవారికి, వారి కుటుంబాలకు ఒక పాఠం)



కొన్నేళ్ల క్రితం మా స్త్రీల వార్డులో ఒక తల్లి ఉండేవారు. వయసు అరవై దాటింది. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. రోజూ సంఘం నుండి ఎవరో ఒకరు చూడడానికి వచ్చేవారు. ఎవరు పలకరించినా ఆమెది ఒకటే మాట: "బాగానే ఉన్నానమ్మా, దేవుని దయ." నేను కూడా పక్క మంచాలవారికి ఆమెను చూపించి, "చూడండి, ఎంత ధైర్యంగా ఉన్నారో!" అనేదాన్ని. కానీ నైట్ డ్యూటీ సిస్టర్ రిపోర్టులో మాత్రం "నిద్ర లేదు, అన్నం సగం కూడా తినలేదు" అని ఉండేది.

ఒక రాత్రి రౌండ్‌కు వెళ్లినప్పుడు ఆమె దుప్పటి కొసను పళ్ల మధ్య పెట్టుకొని మూలుగు బయటకు రాకుండా ఆపుకుంటున్నారు. "నొప్పిగా ఉందని ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"ఇంతమంది నా కోసం ప్రార్థన చేస్తున్నారు సిస్టరమ్మా. ఇంకా నొప్పి అంటే కృతజ్ఞత లేనిదాన్ని అనుకోరా?" అన్నారు.

ఆ రాత్రి నాకు సిగ్గు వేసింది. ఆమె నోరు మూయించినవారిలో నేనూ ఉన్నాను. ఈ నెల పాఠం ఆమె నేర్పినదే.

1. నొప్పి చెప్పడం సణుగుడు కాదు

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తరువాత డాక్టరు. రోగి బాధ శరీరంలో మాత్రమే ఉండదు, మనసులో, కుటుంబంలో, ఆత్మలో కూడా ఉంటుంది, అన్నిటినీ కలిపి చూడాలి అని ఆమె వైద్యలోకానికి నేర్పారు. అయితే మంచి మాటలు చెప్పే ముందు నొప్పి తగ్గించాలి. నొప్పితో మెలికలు తిరిగేవారికి ఏ మాటా చెవికెక్కదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మందులు ఎలా వాడాలో చెప్పింది. వీలైనంతవరకు నోటి ద్వారా ఇవ్వాలి. నొప్పి భరించలేనంత అయ్యేదాకా ఆగకుండా గడియారం చూసి వేళకు ఇవ్వాలి. నొప్పిని బట్టి మందు బలం పెంచాలి. "మార్ఫిన్ అలవాటైపోతుందేమో" అని చాలామంది భయపడతారు. డాక్టరు పర్యవేక్షణలో క్యాన్సర్ నొప్పికి వాడేవారు దానికి బానిసలు కావడం అరుదు. మలబద్ధకం మాత్రం సాధారణంగా వస్తుంది. అందుకు డాక్టరు ఇచ్చే మందు కూడా తప్పక వాడాలి. సొంతంగా మోతాదు పెంచకూడదు, ఒక్కసారిగా మానకూడదు.

నొప్పి ఎంత ఉందో అంకెలో చెప్పండి. ఏమీ లేకపోతే 0, భరించలేనంత ఉంటే 10. "కొంచెం ఉంది" అనే మాట కంటే "7 ఉంది" అనే మాట మాకు ఎంతో సహాయం చేస్తుంది.

2. దిగులు పడడం మీ తప్పు కాదు

"నువ్వు సంతోషంగా ఉంటేనే జబ్బు తగ్గుతుంది" అని ప్రేమతోనే అంటారు. కానీ రోగికి అది బరువవుతుంది. జబ్బు పెరిగితే, "నేను సరిగా నమ్మలేదేమో, ధైర్యంగా లేనేమో" అని తనను తానే నిందించుకుంటారు. తల, మెడ క్యాన్సర్లు ఉన్న 1,093 మందిని పరిశీలించి 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మనసు ఉల్లాసంగా ఉండడానికీ ఎంతకాలం బ్రతికారన్న దానికీ సంబంధం కనబడలేదు. కాబట్టి ఒకరోజు ఏడ్చినందువల్ల మీ జబ్బు పెరగదు. సంతోషం క్యాన్సర్‌కు మందు కాదు. అయినా ఈ రోజును మనం జీవించడానికి అది కావాలి.

అయితే దిగులు రెండు వారాలు దాటినా వదలకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, చనిపోవాలనిపిస్తే వెంటనే డాక్టరుకు గానీ సిస్టరుకు గానీ చెప్పండి. దానికీ వైద్యం ఉంది.

3. చిన్న సంతోషాలను గుర్తించడం

ఆ తల్లికి డాక్టరుగారు మార్ఫిన్ మొదలుపెట్టారు. మూడో రోజుకు రాత్రంతా నిద్రపోయారు. ఉదయం కోడలిని పిలిచి, "కాస్త దబ్బకాయ పచ్చడి తెస్తావా?" అని అడిగారు. కీమోథెరపీ తరువాత ఆమెకు నోట్లో ఇనుము నాకినట్టు ఉండేది. ఆ రోజు పెరుగన్నంలో నంజుకొని, "పులుపు తెలుస్తోంది!" అని నవ్వారు. అది ఎవరికోసమో తెచ్చిపెట్టుకున్న నవ్వు కాదు. (నోటిలో పుండ్లు ఉన్నవారు మాత్రం పులుపు, కారం తినకూడదు.)

అమెరికాలో ఎమన్స్, మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. నరాలు, కండరాల జబ్బు ఉన్నవారు 21 రోజులపాటు, తాము దేనికి కృతజ్ఞులో రోజూ రాశారు. అలా రాసినవారి మనసు తేలికపడింది, నిద్ర కూడా మెరుగైంది. వారు క్యాన్సర్ రోగులు కారు, రాయడం వల్ల వారి జబ్బు పోలేదు. అయినా మనమూ చేసి చూడదగిన పని ఇది.

ఒక చిన్న నోటుబుక్కు తీసుకోండి. మందులు వేసుకున్న తరువాత, ఒంట్లో కాస్త నెమ్మదిగా ఉన్న వేళ రాయండి. రాయలేకపోతే ఇంట్లో ఎవరికైనా చెప్పి రాయించండి. పెద్ద విషయాలు వద్దు. ఈ రోజు కంటికి, చెవికి, నోటికి, చేతికి అందినదే రాయండి. ఏమీ దొరకని రోజున ఆ సంగతే రాయండి.

4. కుటుంబ సభ్యులకు

"ధైర్యంగా ఉండు" అనే ముందు "ఇప్పుడు నొప్పి ఎంత ఉంది?" అని అడగండి. చూడడానికి వచ్చేవారు కొద్దిసేపే ఉండండి. రోగి ఏడిస్తే ఆపకండి, చేయి పట్టుకొని కూర్చోండి. చేయగలిగిన చిన్న పని వారికే వదలండి: చిక్కుడుకాయలు ఒలవడం, మనవడికి కథ చెప్పడం. తమ అవసరం ఇంకా ఉందని తెలియడం కూడా ఒక సంతోషమే. కీమోథెరపీ జరుగుతున్నప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఆ తల్లి తరువాత నాలుగు నెలలు జీవించారు. ఆమె చెబుతుంటే మనవరాలు రాసిన నోటుబుక్కును కోడలు నాకు చూపించింది. "దబ్బకాయ పులుపు తెలిసింది." "మనవరాలు కాళ్లకు నూనె రాసింది." "కిటికీ పక్క మంచం ఇచ్చారు." ఒక పేజీలో మాత్రం, "ఈ రోజు ఏమీ లేదు. నొప్పి 8. సిస్టరమ్మకు చెప్పాను" అని ఉంది. ఆ పేజీయే నాకు అన్నిటికంటే నచ్చింది. మరుసటి రోజు పేజీలో ఇలా ఉంది: "మందు మార్చారు. నిద్ర పట్టింది. వందనాలు."

ఇంట్లో కలిసి మాట్లాడుకోండి

1. మన ఇంట్లో రోగి నిజంగా ఎలా ఉన్నారో చెప్పగలుగుతున్నారా? మన మాటల్లో ఏవి వారిని ఆపుతున్నాయి?
2. నొప్పి మందులు వేళకు ఇచ్చే బాధ్యత ఎవరిది?
3. ఈ రోజు మనకు అందిన ఒక చిన్న మేలు ఏమిటి?