ఇంటి వాయిదాకు కార్డు గీకొద్దు

ఈ నెల ఇంటి అప్పు వాయిదాకు డబ్బు సరిపోలేదు. జేబులో క్రెడిట్ కార్డు ఉంది. దాని లిమిట్ రెండు లక్షలు. ఇలాంటి రోజున మనిషి మొదట ఫోన్ తీసి, కార్డు నుంచి డబ్బు బయటికి తెచ్చే దారి వెతుకుతాడు. ఫోన్ తీసే ముందు ఇంట్లో ఒక్కరికైనా ఈ కొరత గురించి చెప్పారా?

చాలామంది చెప్పరు. భార్యకు తెలిస్తే బెంగ పెట్టుకుంటుందని ఒకరు, భర్త నాలుగు మాటలంటాడని మరొకరు, గృహప్రవేశానికి వచ్చి భోంచేసి వెళ్లిన బంధువుల్లో చులకనవుతామని ఇంకొకరు ఆగిపోతారు. కార్డు ఈ మొహమాటానికి బాగా కలిసివస్తుంది. నలభై అయిదు రోజుల దాకా ఎవరికీ ఏమీ చెప్పకుండా నెట్టుకురావచ్చు. ఆ మౌనానికి మనం ఎంత చెల్లిస్తున్నామో లెక్క వేస్తే చాలు, చెప్పే ధైర్యం దానంతట అదే వస్తుంది.

ముందుగా ఒక సంగతి. మన దేశంలో బ్యాంకులు నెలవారీ ఇంటి అప్పు వాయిదాను నేరుగా క్రెడిట్ కార్డు మీద తీసుకోవు. అది మీ ఖాతా నుంచే వెళ్లాలి. అందుకే అడ్డదారులు పుట్టాయి. మొన్నమొన్నటి దాకా అందరికీ తెలిసిన దారి అద్దె చెల్లింపు. యాప్‌లో బావమరిది పేరో స్నేహితుడి పేరో ఇంటి యజమానిగా నమోదు చేసి, కార్డు మీద అద్దె కట్టినట్టు చూపి, ఆ డబ్బు వాళ్ల ఖాతా నుంచి వెనక్కి తెచ్చుకుని వాయిదా కట్టేవారు. 2025 సెప్టెంబరు 15న రిజర్వు బ్యాంకు పేమెంట్ అగ్రిగేటర్లకు కొత్త ఆదేశాలిచ్చింది. నేరుగా ఒప్పందం చేసుకుని, కేవైసీ పూర్తి చేసిన వ్యాపారులకు మాత్రమే ఆ సంస్థలు డబ్బు చేర్చాలని చెప్పింది. ఇంటి యజమాని వ్యాపారి కాడు కనుక పెద్ద యాప్‌లు కార్డుతో అద్దె కట్టే సేవను ఆపేశాయి. నా దృష్టిలో ఇది మంచి పని. లేని అద్దెను ఉన్నట్టు రాసిన కాగితం రేపు ఆ బావమరిది ఖాతా మీద పన్ను శాఖ ప్రశ్నగా మారితే సమాధానం ఎవరు చెబుతారు?

ఆ దారి మూసుకున్నాక తెలిసిన దుకాణంలో కమిషన్ ఇచ్చి కార్డు గీకించుకోవడం, ఏటీఎంలో నగదు తీయడం మిగిలాయి. సరుకేమీ కొనకుండా కొన్నట్టు గీకడం కార్డు నిబంధనలకు విరుద్ధం. మీ కార్డుతో పాటు ఆ దుకాణదారు మెషిన్ కూడా పోవచ్చు. ఏటీఎం దారి ఇంకా ఖరీదు. చాలా కార్డుల మీద నగదు తీస్తే దాదాపు 2.5 శాతం రుసుము పడుతుంది. వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది. వడ్డీ లేని గడువు నగదుకు వర్తించదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. హైదరాబాద్ నిజాంపేటలో ఫ్లాటు కొన్న ఒక ఉద్యోగిని ఊహించుకోండి. 30 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. వాయిదా 26,035 రూపాయలు. జూన్ వచ్చింది. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు ఫీజు కట్టేసరికి జీతం కరిగిపోయింది. వాయిదాను ఎలాగో కార్డు మీదికి నెట్టాడు. జూన్ గడిచింది. కార్డు బిల్లు గడువు వచ్చే నెలలో జీతం ఒక్కటే, వాయిదాలు మాత్రం రెండు. పాత నెలది కార్డుకు కట్టాలి, కొత్త నెలది బ్యాంకుకు కట్టాలి. అంటే 52,000 పైచిలుకు. 26,000 దొరకని మనిషికి వచ్చే నెలలో 52,000 ఎక్కడి నుంచి వస్తాయి? ఈ ప్రశ్నకు కాగితం మీద జవాబు రాసుకోలేకపోతే కార్డును బయటికి తీయకూడదు.

జవాబు లేనివాళ్లు కార్డు బిల్లులో కనీస మొత్తం కట్టి ఊపిరి పీల్చుకుంటారు. కార్డు అప్పు నిలువునా పెరిగేది అక్కడే. చాలా కార్డుల వడ్డీ నెలకు 3.5 శాతం దగ్గర ఉంటుంది. అంటే ఏడాదికి 42 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. లక్ష రూపాయల బాకీ ఉండి, కనీస మొత్తం అందులో 5 శాతం అనుకుందాం. మీరు 5,000 కడతారు. అందులో 3,500 వడ్డీకి, 630 జీఎస్టీకి పోతాయి. అసలు తగ్గేది 870 రూపాయలు. పైగా బిల్లు పూర్తిగా కట్టనంత కాలం కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీ లేని గడువు ఉండదు. ఇంట్లోకి కొన్న బియ్యం మీదా, బండిలో పోయించిన పెట్రోలు మీదా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

అదే 26,035 రూపాయల మీద ఇంటి అప్పు రేటున నెల వడ్డీ 184 రూపాయలు. కార్డు మీద జీఎస్టీతో కలిపి 1,075. ఆస్తి తాకట్టుతో వచ్చిన చౌక అప్పును, మనకు దొరికే అప్పుల్లో అత్యంత ఖరీదైనవాటిలో ఒకదానితో తీరుస్తున్నామన్నమాట. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఇదే.

కార్డు వడ్డీని చట్టం అదుపు చేస్తుందని ఎదురు చూడొద్దు. 30 శాతం దాటి వసూలు చేయడం అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

డబ్బు కొరత లేకపోయినా, రివార్డు పాయింట్ల కోసం వాయిదాను కార్డు మీద కట్టాలనుకునేవారూ ఉన్నారు. డబ్బు ఖాతాలో ఉంది, పాయింట్లు వస్తే లాభమే కదా అంటారు. రుసుము, దాని మీద జీఎస్టీ కలిపితే వచ్చే పాయింట్ల విలువ కంటే పోయేదే ఎక్కువగా తేలుతుంది. అమెరికాలో ఇళ్లు కొన్న మనవాళ్లకూ ఇదే లెక్క. అక్కడా ఇంటి అప్పు సంస్థలు సాధారణంగా క్రెడిట్ కార్డు తీసుకోవు. మధ్యలో నిలబడి కార్డు డబ్బును చెక్కుగా మార్చి పంపే సంస్థలు దాదాపు 3 శాతం రుసుము పుచ్చుకుంటాయి. అలాంటివాటిలో పేరున్న ప్లాస్టిక్ అనే సంస్థ 2023 మేలో దివాలా రక్షణ కోరింది. వాయిదా డబ్బును అలాంటి మధ్యవర్తి చేతిలో పెట్టేటప్పుడు ఆ రిస్కు కూడా మనదే.

మరి ఏం చేయాలి? వాయిదా తేదీకి ముందే బ్యాంకుకు వెళ్లండి. ముందే వెళ్లడమే ముఖ్యం. వాయిదా తప్పాక వెళ్లినవాడిని బకాయిదారుగా చూస్తారు. ముందే వెళ్లినవాడు ఖాతాదారుగా కూర్చుని మాట్లాడగలడు. ఫోన్లో కస్టమర్ కేర్‌తో సరిపెట్టకండి. అప్పు ఖాతా స్టేట్‌మెంట్, మూడు నెలల జీతం స్లిప్పులు పట్టుకుని బ్రాంచిలో అప్పుల విభాగం చూసే అధికారి ఎదుట కూర్చోండి. ఎంత తక్కువ పడుతోందో, ఎన్ని నెలలు తక్కువ పడుతుందో అంకెలతో చెప్పండి. “కొంచెం ఇబ్బందిగా ఉంది సార్” అంటే ఆయన చేయగలిగేది ఏమీ ఉండదు. “నాలుగు నెలల పాటు నెలకు 6,000 తక్కువ పడుతోంది” అంటే ఆయనకు పని మొదలవుతుంది.

మొదట మీ వడ్డీ రేటు అడగండి. రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు 2025 ఫిబ్రవరిలో 6.5 శాతం నుంచి దిగడం మొదలై అదే ఏడాది డిసెంబరుకు 5.25కు చేరింది. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులిచ్చిన ఫ్లోటింగ్ ఇంటి అప్పులు రెపో లాంటి బయటి కొలమానానికి ముడిపడి ఉంటాయి. కాబట్టి ఆ తగ్గుదల మీకూ అందాలి. అయితే చాలా బ్యాంకులు రేటు తగ్గినప్పుడు వాయిదాను అలాగే ఉంచి గడువు తగ్గిస్తాయి. మంచి రోజుల్లో అది మీకు మేలే. ఇబ్బంది రోజుల్లో వాయిదానే తగ్గించమని అడగాలి. మనం అనుకున్న 30 లక్షల అప్పు మీద వడ్డీ 8.5 నుంచి 7.25కు దిగితే వాయిదా 23,711 అవుతుంది. నెలకు 2,300 పైగా చేతిలో మిగులుతుంది. బ్యాంకు సొంత నిధుల ఖర్చును బట్టి రేటు వేసే పాత ఎంసీఎల్ఆర్ పద్ధతిలోనే ఇంకా ఉన్నవారు, హౌసింగ్ ఫైనాన్స్ సంస్థల దగ్గర తీసుకున్నవారు కొద్దిపాటి రుసుముతో తక్కువ రేటుకు మారే వీలుందేమో అడగాలి. అడగనివాళ్లు ఏళ్ల తరబడి పాత రేటే కడుతూ ఉంటారు.

తర్వాత గడువు. 20 ఏళ్లను 25 చేస్తే 8.5 శాతం మీద వాయిదా 24,157కు దిగుతుంది. ఇది ఊరికే రాదు. మొత్తం మీద పది లక్షల దాకా ఎక్కువ కడతారు. అయినా కార్డు కంటే ఇది ఎంతో మేలు. ఎందుకంటే ఇక్కడ వెనక్కి వచ్చే దారి ఉంది. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి అప్పును ముందుగా తీర్చినా బ్యాంకు జరిమానా వేయకూడదు. జీతం పెరిగిన ఏడాది, బోనస్ వచ్చిన నెల అసలులోకి కొంత కట్టి గడువును మళ్లీ కిందికి తెచ్చుకోవచ్చు.

ఇంట్లో ఉన్న వనరులు కూడా చూడండి. బీరువాలో బంగారం ఉండగా 42 శాతం వడ్డీ కట్టడానికి కారణం పరువు ఒక్కటే. బ్యాంకులో పెట్టిన గొలుసు గురించి ఊళ్లో ఎవరికీ తెలియదు, దాని వడ్డీ కార్డు వడ్డీలో మూడో వంతు కూడా ఉండదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే దాన్ని రద్దు చేయకుండానే దాని మీద అప్పు తీసుకోవచ్చు. ఇంటి అప్పు తీర్చడానికి పీఎఫ్ నుంచి కొంత తీసుకునే అవకాశమూ ఉంది. అది చివరి మెట్టుగానే ఉంచుకోండి.

ఒక నెల వాయిదా తప్పితే ఇల్లు పోతుందన్న భయం కూడా కొందరిని కార్డు వైపు తోస్తుంది. ఇల్లు అంత త్వరగా పోదు. బకాయి 90 రోజులు దాటితేనే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. దానికి మీరు అభ్యంతరం రాసి పంపితే బ్యాంకు జవాబు చెప్పాలి. ఇది వాయిదా ఎగ్గొట్టమని చెప్పడం కాదు. తప్పిన ప్రతి వాయిదా మీ క్రెడిట్ చరిత్రలో పడుతుంది, జరిమానా పడుతుంది. భయంతో రాత్రికి రాత్రి నిర్ణయం తీసుకోనక్కర్లేదని మాత్రమే చెబుతున్నాను. బ్యాంకుతో మాట్లాడటానికి వ్యవధి ఉంది.

ఇప్పటికే కార్డు మీద వాయిదాలు పేరుకుపోయి ఉంటే ఒక పని చేయండి. కార్డు బాకీ మొత్తాన్ని బంగారం అప్పుతోనో, అంతకంటే ఎక్కువైనా కార్డు వడ్డీలో సగం కూడా లేని పర్సనల్ లోన్‌తోనో ఒక్కసారిగా తీర్చేసి, అదే రోజు కార్డు లిమిట్ తగ్గించమని బ్యాంకుకు రాయండి. లిమిట్ తగ్గించకుండా బాకీ తీరిస్తే ఆరు నెలల్లో రెండు అప్పులూ మీ నెత్తిన ఉంటాయి.

వీటన్నిటికంటే ముందు ఇంట్లో మాట్లాడాలి. ఈ రాత్రి భోజనాలయ్యాక ఇంటి అప్పు స్టేట్‌మెంటూ, కార్డు బిల్లూ ఇద్దరి మధ్యా పెట్టండి. పెద్దపిల్లలుంటే వాళ్లనూ కూర్చోబెట్టండి. ఎంత వస్తోంది, ఎంత పోతోంది, ఎంత తక్కువ పడుతోంది అన్న మూడు అంకెలు ఒక కాగితం మీద రాయండి. రేపు బ్యాంకు తెరిచే వేళకు ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ కలిసి వెళ్లండి.