కథ రాద్దాం రండి

కథ అంటే ఏంది? జరిగింది జరిగినట్టు చెబితే అది కబురు. జరిగిన వాటిలో కొంత తీసుకుని, లేని మనిషిని పుట్టించి చెబితే అది కథ.

లేని మనిషి గురించి చెబితే ఏం లాభం అనిపిస్తుంది. లాభం ఉంది.

నెల్లూరు జిల్లాలో 1990లో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. వాచకం పూర్తి చేసిన ఆడవాళ్లు ఆ తర్వాత చదివే పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సీతమ్మ కల్పించిన మనిషి. ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టి సారా కొట్టు మూయిస్తుంది. కలిగిరి మండలం దూబగుంటలో అయితే ఆడవాళ్లు నిజంగానే కొట్టు మూయించారు. వాళ్ల సంగతీ పాఠంగా వచ్చింది. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది.

అదంతా ఒక్క కథ వల్లే జరగలేదు. కోపం ఇళ్లలో ముందే ఉంది. కానీ తాగి కొట్టే మొగుడి గురించి నలుగురిలో చెప్పాలంటే ఏ ఆడమనిషికైనా నోరు రాదు. సీతమ్మ పేరు మీద అయితే అందరూ మాట్లాడొచ్చు.

ఇప్పుడు కోట వైపు కథ ఒకటి అల్లి చూద్దాం.

కోట, వాకాడు, చిల్లకూరు వైపు 1990ల్లో రొయ్యల గుంటలు చాలా తవ్వారు. గుంటలో ఉప్పునీళ్లు నిలబెడితే ఆ ఉప్పు భూమిలోకి దిగుతుంది. పక్కనున్న బావి, బోరింగు నీళ్లు ఉప్పగా మారతాయి. "నీళ్లు ఉప్పగా ఉన్నాయి, ఆడవాళ్లు కష్టపడుతున్నారు" అని రాస్తే అది అర్జీ అవుతుంది. మండలాఫీసులో ఇవ్వడానికి అర్జీ కావాలి. కథకు మాత్రం ఒక మనిషి కావాలి.

ఆమెకు పోలమ్మ అని పేరు పెడదాం. నలభై ఏళ్లుంటాయి. వరి నాట్లకు పోతుంది. కూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ పుట్టి తొమ్మిది రోజులు. బాలింతకు మంచినీళ్లు కావాలి. పోలమ్మ కోరిక అదే.

కోరిక ఉంటే చాలదు, అడ్డం కూడా ఉండాలి. మంచినీళ్ల బావి మైలు దూరం. కానీ దూరం ఒక్కటే అడ్డమైతే పోలమ్మ నడిచి తెచ్చుకుంటుంది. కథ అక్కడే అయిపోతుంది. అందుకని ఇంకో అడ్డం పెడదాం. ఆ రొయ్యల గుంటకు కాపలా ఉండేది పోలమ్మ మొగుడే. నెల జీతం వస్తుంది. ఇల్లు దాని మీదే నడుస్తోంది. ఇప్పుడు ముడి పడింది.

ఎక్కడ మొదలు పెట్టాలి? పోలమ్మ పుట్టుక, పెళ్లి, కాపురం అన్నీ రాయక్కర్లేదు. కొత్తగా రాసేవాళ్లు చాలామంది అక్కడే అలిసిపోతారు. బోరింగు దగ్గర దోసిట్లో నీళ్లు పట్టి, నోట్లో పోసుకుని, ఉమ్మేసిన పొద్దున మొదలు పెట్టండి.

"రేపు అందరం పోయి గుంట ఆసామిని అడుగుదాం. నువ్వు వస్తావా అక్కా?"

పోలమ్మ ఏం మాట్లాడలేదు. బిందె తోముతా ఉంది.

"ఏందక్కా, నిన్నే."

"పిల్లకి పథ్యం పెట్టాల. ఇంటికి పోవాల."

పోలమ్మ భయపడింది అని ఇక్కడ ఎక్కడా రాయలేదు. అయినా తెలుస్తోంది. 'పోవాల', 'ఏంది' అనేవి తప్పులు కావు. కథలో మనుషులు మాట్లాడేటప్పుడు మన మాటే రాయాలి. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పోతాయని ఆగిపోవద్దు. అవి తర్వాత దిద్దుకోవచ్చు.

పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఊళ్లో ఉన్న మనిషి పేరు పెట్టొద్దు. పక్కింటామె కష్టం, ఇంకో ఊరామె మాట, ఎప్పుడో చూసిన ఒక ఇల్లు కలిపి ఒక మనిషిని చేయండి. ఇది నా గురించే రాశారని ఎవరూ ఏడవకూడదు.

కథ ఎట్లా ముగుస్తుంది? పోలమ్మ అందరితో కలిసి పోతుందా? మొగుడే కాపలా మానేస్తాడా? తెల్లారేసరికి గుంట పూడ్చేశారు అని రాస్తే చదివేవాళ్లు నమ్మరు. కథలో ఏది గెలిచినా దానికి పోలమ్మ ఇంట్లో కొంత నష్టం ఉంటుంది. ఆ నష్టాన్ని దాచకుండా రాయండి.

రాసింది ఒకరికి చదివి వినిపించండి. "తర్వాత ఏమైంది?" అని అడిగితే ఆ చోటు బాగుంది. పొయ్యి వైపు చూస్తే ఆ చోట కొంత తీసేయండి.

రాయండి: పోలమ్మ ఇంటికి వచ్చింది. మొగుడు అరుగు మీద కూర్చున్నాడు. ఆమె ఖాళీ బిందె దించింది. వాళ్లిద్దరి మాటలు పది వాక్యాల్లో రాయండి.