మోకాలి మాత్రకు మోకాలు ఎక్కడుందో తెలియదు

ఢిల్లీ జనక్‌పురిలో అయినా, మన విజయవాడలో అయినా, మందుల దుకాణంలో "నొప్పికి రెండు మాత్రలివ్వండి" అంటే చాలు, చీటీ లేకుండానే చేతికొస్తాయి. డైక్లోఫెనాక్ మాత్ర నిజానికి డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందు.

ఇలాంటి మందులు ఎలా పనిచేస్తాయో 1971లో జాన్ వేన్ వివరించారు. ఆయనకు 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. దెబ్బ తగిలిన చోట కాక్స్ అనే ఎంజైమ్ ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేస్తుంది. వాపు, నొప్పి పెరిగేది వాటివల్లే. మాత్ర ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. కానీ అవే ప్రోస్టాగ్లాండిన్లు జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడతాయి. అందుకే అన్నం తిన్నాక వేసుకున్నా, ఇంజెక్షన్‌గా తీసుకున్నా పుండు పడే ప్రమాదం పూర్తిగా పోదు.

కిడ్నీ సంగతి ఇంకా ముఖ్యం. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచేవీ ప్రోస్టాగ్లాండిన్లే. నొప్పి మాత్ర ఆ నాళాన్ని కుంచించుకుపోయేలా చేస్తుంది. బీపీకి వాడే టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటివి రక్తం బయటికి వెళ్లే నాళాన్ని సడలిస్తాయి. వీటికి తోడు ఒంట్లో నీరు తగ్గించే మాత్ర కూడా వాడుతుంటే, వడపోతకు కావలసిన ఒత్తిడే ఉండదు. జూన్ ఎండల్లోనో, విరేచనాలతో నీరసించినప్పుడో కొద్ది రోజుల్లోనే కిడ్నీ దెబ్బతినవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు గానీ, అనుమానాల్లో నొప్పి మాత్రల అతివాడకం కూడా ఒకటి.

వానలు వెనకబట్టాక ఢిల్లీలో డెంగీ కాలం. జ్వరంతో ఒళ్లు, కీళ్లు నొప్పులుంటే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జోలికి పోకూడదు; రక్తస్రావం పెరగవచ్చు. పారాసిటమాల్ చాలు, అదీ మోతాదు మించకుండా. గుండెకు రోజూ ఆస్పిరిన్ వాడేవారు మాత్రం సొంతంగా ఆపకుండా డాక్టర్ని అడగాలి.

మోకాలి అరుగుదలకు ముందు డైక్లోఫెనాక్ జెల్ రాసి చూడటం మేలు. మాత్రతో పోలిస్తే రక్తంలో చేరేది చాలా తక్కువ. మాత్రే కావాలంటే తక్కువ మోతాదు, తక్కువ రోజులు. రెండు పేర్లు చూసి రెండు మందులనుకోవద్దు: కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ రెండూ ఉన్నాయి. లేబుల్ లేని "మూలికల" పొడుల్లోనూ స్టీరాయిడ్లు, డైక్లోఫెనాక్ బయటపడిన సందర్భాలున్నాయి.

మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, ముఖం ఉబ్బినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మెఫెనామిక్ ఆమ్లంతో వచ్చే తీవ్ర చర్మ ప్రతిచర్య గురించి ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరించింది. మందు పడలేదనిపిస్తే రోగులు కూడా 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి చెప్పవచ్చు.