పడవ ముక్కు ఎందుకు లేచింది?

పిల్లలూ,

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇల్లు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. అట్టపెట్టెలు, గోనె సంచులు, తాళ్లు, చివరికి గుమ్మం ముందు లారీ. సామాను ఎక్కించేవాళ్లను ఎప్పుడైనా గమనించారా? బీరువా, ఫ్రిజ్జు, పుస్తకాల పెట్టెలు అడుగున, రెండు పక్కలా సమంగా ఉండేలా సర్దుతారు. పరుపులు, దిండ్లు పైకి పోతాయి. మేము ఇప్పటికి ఐదు ఊళ్లు మారాం. "బరువంతా ఒకే మూల పెట్టొద్దు" అన్న మాట ఐదు చోట్లా విన్నాం. ఆ మాట విలువ మాత్రం ఒక పడవలో తెలిసింది.

జంగ్లీఘాట్‌లో ఒక ఆదివారం

అప్పుడు మేము అండమాన్ దీవుల్లో, పోర్ట్ బ్లెయిర్‌లో పనిచేస్తున్నాం. 2024లో ఆ ఊరి పేరును శ్రీ విజయపురం అని మార్చారు. అక్కడి జంగ్లీఘాట్ చేపల రేవులో నిలబడితే తెలుగు బాగా వినిపిస్తుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. పడవకు, వలకు, గాలికి వాళ్లు వాడే తెలుగు మాటలు రాసుకురావాలని మా తరగతి పిల్లలు నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లాం. ఒక అమ్మాయి నాన్నగారూ వచ్చారు.

రేవులో ఒక పెద్దాయన తన ఫైబర్ మోటారు పడవలో ఒక చుట్టు తిప్పుతానన్నారు. పిల్లలు అప్పటికే ఆయన్ను "తాతా" అని పిలుస్తున్నారు. అందరం లైఫ్ జాకెట్లు కట్టుకుని ఎక్కాం. ముందు కూర్చుంటే మొహాన నీళ్లు చిమ్ముతాయని, పిల్లలందరినీ వెనక్కి పిలిచి తాత దగ్గర కూర్చోబెట్టింది మేమే. ఇంజను వెనకే, పెట్రోలు ట్యాంకు వెనకే, బ్యాటరీ వెనకే. ఇప్పుడు మనుషులం కూడా వెనకే.

వేగం పెంచగానే పడవ ముక్కు పైకి లేచింది. పిల్లలు కేరింతలు కొట్టారు. మాకూ సరదాగానే అనిపించింది. తాత మాత్రం మెడ చాచి, ఒక పక్కకు ఒరిగి ముందుకు చూడడానికి తంటాలు పడుతున్నారు. అంతలో అంచు పక్కన కూర్చున్న అమ్మాయి "తాతా, మనిషి!" అని అరిచింది. ఆయన చప్పున వేగం తగ్గించి పడవను పక్కకు తిప్పారు. మా పడవ ముక్కు చాటున, ఒక చిన్న డుంగీలో గాలం వేసుకుని ఒకాయన కూర్చుని ఉన్నారు. మధ్యలో పది బారల దూరం కూడా లేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కాసేపు ఎవరి నోటా మాట రాలేదు. తాతే ముందు మాట్లాడారు: "ఏటి సారూ, అందరూ ఎనకాలే కూకుంటే ముక్కు లెగదా? ముక్కు లెగిస్తే నాకు ముందేటి కనబడతాది?"

తప్పు మాదే. ఆయన ఇంజను ఆపి, ఇద్దరు పిల్లల్ని మధ్య బల్ల మీదికి, ఒకరిని ముందు బల్ల మీదికి పంపారు. ట్యాంకును గొట్టం అందినంత ముందుకు జరిపారు. మళ్లీ బయలుదేరితే ముక్కు దిగింది, ఎదురుగా నీళ్లు కనిపించాయి, ఇంజను మోత కూడా తేలికపడింది. పడవలోంచి ఒక్క కిలో తీయలేదు, ఒక్క కిలో చేర్చలేదు. మరి ఏం మారింది? మరునాడు తరగతిలో మేమంతా ఈ ప్రశ్న పట్టుకుని కూర్చున్నాం.

రెండు బలాలు, ఒక గీత

పడవ మీద రెండు బలాలు పనిచేస్తాయి. పడవ, ఇంజను, మనుషులు, సామాను అందరి బరువూ కలిసి ఒకే బిందువు దగ్గర కిందికి లాగుతున్నట్టు అనుకోవచ్చు. ఆ బిందువు గరిమనాభి. పడవ పక్కకు తోసిన నీరు పడవను పైకి నెడుతుంది. అది ఉత్ప్లవన బలం. ఈ రెండూ ఒకే నిలువు గీత మీదికి వచ్చేదాకా పడవ వంగుతుంది. బరువు వెనక్కి జరిగితే వెనుక భాగం మరికొంత మునుగుతుంది, ముక్కు లేస్తుంది.

వేగం అందుకున్నప్పుడు ఇంకో సంగతి తోడవుతుంది. నెమ్మదిగా పోయే పడవ నీటిని పక్కలకు తోసుకుంటూ పోతుంది. వేగం పెరిగేకొద్దీ తాను లేపిన అలనే తాను ఎక్కాలి. ఆ సమయంలో ముక్కు కొంత లేవడం సహజం. చదునైన అడుగున్న చిన్న మోటారు పడవ ఆ అల దాటిందంటే నీటి మీద జారుతూ పోతుంది, ముక్కు మళ్లీ దిగుతుంది. వెనుక బరువు ఎక్కువైతే పడవ అల దాటలేక ఎగుడులోనే ఉండిపోతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, వెనుక పెద్ద అల లేపుతుంది, నడిపేవారికి దారి కనిపించదు.

ఒక చిన్న లెక్క

తూగుడు బల్ల మీద బరువుతో పాటు దూరమూ లెక్కకు వస్తుందని మీకు తెలుసు. బరువును దూరంతో గుణిస్తే వచ్చేది భ్రామకం. 4.5 మీటర్ల పడవ ఒకటి ఊహించుకుందాం. లెక్క సులువుగా ఉండే అంకెలే తీసుకున్నాం. దూరాలన్నీ ఇంజను బిగించిన వెనుక పలక నుంచి కొలిచినవి.

పడవ 150 కిలోలు, 2 మీటర్లు: 300
ఇంజను 50 కిలోలు, 0 మీటర్లు: 0
నడిపేవారు 60 కిలోలు, 0.5 మీటరు: 30
నిండు ట్యాంకు 20 కిలోలు, 0.5 మీటరు: 10
బ్యాటరీ 20 కిలోలు, 0.5 మీటరు: 10
ఇద్దరు ప్రయాణికులు 100 కిలోలు, 1 మీటరు: 100

మొత్తం బరువు 400 కిలోలు, మొత్తం భ్రామకం 450. భాగిస్తే గరిమనాభి వెనుక పలకకు 1.125 మీటర్ల దూరంలో ఉంది. అంటే పడవ పొడవులో సరిగ్గా నాలుగో వంతు.

ఇప్పుడు ట్యాంకును, బ్యాటరీని, ఒక ప్రయాణికుణ్ణి తలా 2 మీటర్లు ముందుకు జరుపుదాం. 40, 40, 100 కలిపి భ్రామకం 180 పెరిగి 630 అవుతుంది. గరిమనాభి 1.575 మీటర్ల దగ్గరికి వస్తుంది. కదిలించింది 90 కిలోలే అయినా పడవ మొత్తం తూకం 45 సెంటీమీటర్లు ముందుకు వచ్చింది. తాత ఏ కాగితమూ పెన్సిలూ లేకుండా చేసిన లెక్క ఇదే.

సర్దేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

మొదటిది, తగ్గే బరువు మధ్యకు దగ్గరగా ఉండాలి. 20 లీటర్ల పెట్రోలు సుమారు 15 కిలోలు తూగుతుంది. దారిలో అది ఖర్చవుతుంది. ట్యాంకు ఒక చివర ఉంటే వెళ్లేటప్పుడు ఒక తీరు, తిరిగి వచ్చేటప్పుడు ఒక తీరుగా పడవ నడుస్తుంది. గరిమనాభి దగ్గర ఉంటే ఆ తేడా తెలియదు. ట్యాంకు జరిపితే గొట్టం పొడవు చాలాలి, మెలిక పడకూడదు.

రెండోది, ముందుకు జరపడానికీ హద్దు ఉంది. ముక్కు బరువెక్కితే అది నీటిని దున్నుకుంటూ పోతుంది. అల లోపలికి కొడుతుంది, మలుపులో పడవ మాట వినదు. వెనుక భాగం లేచి ప్రొపెల్లర్‌కు గాలి తగిలితే ఇంజను ఊరికే గిర్రున తిరుగుతుంది.

మూడోది, కుడి ఎడమలు. నడిపేవారు ఒక పక్క కూర్చుంటే బ్యాటరీని రెండో పక్క పెడితే సరిపోతుంది.

నాలుగోది, ఎత్తు. బరువు ఎంత కిందికి ఉంటే పడవ అంత నిలకడగా ఉంటుంది. అందుకే నడుస్తున్న చిన్న పడవలో లేచి నిలబడకూడదు. అడుగున చేరిన నీరు ఇంకా ప్రమాదం. పడవ ఏ పక్క వంగితే ఆ నీరు ఆ పక్కకే పరుగెత్తి ఇంకా వంచుతుంది. ఎప్పటికప్పుడు తోడెయ్యాలి. జారే సామానుకూ ఇదే బుద్ధి, కట్టెయ్యాలి.

ఐదోది, ఇంజను వాలు. ఇంజనును పలకకు బిగించే చోట వరుసగా రంధ్రాలు, వాటిలో ఒక పిన్ను ఉంటాయి. ఇంజను కాలు పడవకు దగ్గరగా ఉంటే తోపు వెనుక భాగాన్ని లేపి ముక్కును దించుతుంది. దూరంగా ఉంటే ముక్కును లేపుతుంది. మరీ దూరమైతే పడవ డాల్ఫిన్‌లాగా లేస్తూ పడుతూ పోతుంది. పిన్ను మార్చే పని ఇంజను ఆపాకే, అదీ పెద్దవాళ్లే చెయ్యాలి. ముందు బరువు సర్ది, ఆ తర్వాతే పిన్ను జోలికి వెళ్లాలి. బరువు తప్పుగా ఉంటే పిన్నుతో కొంతవరకే సరిచెయ్యగలం.

ఒకేసారి రెండు మార్పులు చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఒక మార్పు చేసి, నిలకడ నీళ్లలో నడిపి చూసి, రాసుకుని, అప్పుడు రెండోది చెయ్యాలి.

ఇంట్లో చేసి చూడండి

ఖాళీ టిఫిన్ డబ్బాను నీళ్ల తొట్టిలో తేలించండి. పది నాణేలను మధ్యలో, ఆ తర్వాత ఒక చివర, ఆ తర్వాత ఒక పక్క పెట్టి చూడండి. తర్వాత నాణేలు తీసి రెండు చెంచాల నీళ్లు పోసి డబ్బాను మెల్లగా వంచండి. నీరు ఎటు పరుగెత్తిందో గమనించండి.

చివరగా ఒక మాట

రేపు మీ ఇంట్లో ఎవరికి ఎక్కడికి బదిలీ అవుతుందో ఎవరికి తెలుసు? చిలికా కావచ్చు, బ్రహ్మపుత్ర ఒడ్డు కావచ్చు, కొచ్చి కావచ్చు, మన గోదావరే కావచ్చు. ఎక్కడ పడవ ఎక్కినా లైఫ్ జాకెట్ కట్టుకుని, నడిపేవారిని ఒక్క ప్రశ్న అడగండి: "మేం ఎక్కడ కూర్చోవాలి?" ఆ ఊరి భాషలో ఈ ప్రశ్న ముందే నేర్చుకోండి. ఆ రోజు జంగ్లీఘాట్‌లో మాకు రాని భాష ఏమీ లేదు. తాతదీ తెలుగే, మాదీ తెలుగే. అయినా అడగలేదు. ఆ సంగతి మీకు చెప్పాలనే ఈ పాఠం రాశాం.

ఆలోచించండి

1. పై లెక్కలో ట్యాంకును మాత్రమే 2 మీటర్లు ముందుకు జరిపితే గరిమనాభి ఎంత జరుగుతుంది?
2. చేపలతో నిండిన పెట్టె తిరుగు ప్రయాణంలో పడవలోకి చేరుతుంది. దాన్ని ఎక్కడ పెట్టాలి? ఎందుకు?
3. మీరు ఇప్పుడున్న ఊళ్లో పడవను, తెడ్డును, రేవును ఏమంటారు? తెలుగు మాటల పక్కన రాయండి.

(1వ ప్రశ్నకు జవాబు: 10 సెంటీమీటర్లు)